బోరు చేయించి తెచ్చిన పాత పికప్ మొరాయిస్తుంటే: మళ్లీ విప్పకముందు చూడాల్సినవి

ఫుల్ ఇంజన్ పని అయిపోయింది. సిలిండర్లకి బోరు చేయించారు, క్రాంకు గ్రైండింగ్ చేయించారు, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు పడ్డాయి, పనిలో పనిగా బాడీకి రంగు కూడా వేయించారు. తీరా బండి బయటికి తీస్తే బెజవాడ ఆటోనగర్ దాటి బెంజి సర్కిల్ చేరేలోపే మిస్సింగ్. లేదంటే సిగ్నల్ దగ్గర నిలబడగానే హీటు ముల్లు పైకి. పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకున్న ఇంజన్ మధ్యాహ్నం ఎండలో ఆగిపోయి అరగంట దాకా పలకదు. కార్బొరేటర్ మార్చమని ఒకరు, కాయిల్ మార్చమని ఇంకొకరు, హెడ్ దించాల్సిందేనని మరొకరు. ఆ ముగ్గురిలో ఒక్కరి చేతిలోనూ గేజి ఉండదు.

అరిగిపోయిన ఇంజన్ అయితే లోపాన్ని అరుగుదలలో వెతకాలి. కొత్తగా బిగించిన ఇంజన్‌లో మాత్రం చేతిపనిలో వెతకాలి. ఒక పన్ను తప్పి కూర్చున్న గేరు, తారుమారైన ప్లగ్గు వైర్లు, రంగు మీదే బిగించేసిన ఎర్త్ వైరు, మర్చిపోయిన బోల్టు. విడిభాగాలు ఎన్ని మార్చినా ఇలాంటివి పోవు. వరసగా కొలుచుకుంటూ పోతే బయటపడతాయి, చాలావరకు ఇంజన్ దించకుండానే సరిపోతాయి కూడా.

ఇక్కడ నేను ప్రధానంగా పట్టుకున్నది పాత మహీంద్రా పెట్రోలు పికప్పుల్లో కనిపించే విల్లీస్ హరికేన్ ఇంజన్. నాలుగు సిలిండర్లు, 134 ఘనపు అంగుళాలు, అంటే 2,199 సీసీ. దీని కట్టుబాటు ఒక ప్రత్యేకం: ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, ఎగ్జాస్టు వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ఇది తెలియని మెకానిక్ పైమూత తీసి నాలుగు వాల్వులే చూసి మిగతావి ఏవని అడుగుతాడు. అలాంటి చోట బండి వదలకండి. మీ బండిలో వేరే పెట్రోలు ఇంజన్ ఉన్నా వరస ఇదే, అంకెలు మాత్రం ఆ ఇంజన్ మాన్యువల్‌లోవి వాడాలి. డీజిల్ వేయించిన బండ్ల సంగతి చివర్లో చెబుతాను.

ముందు కాగితం, తర్వాత స్పానర్

బోరింగ్ షాపుకి వెళ్లి ఏమేం చేశారో రాయించుకోండి. బిల్లు మీద "ఇంజన్ పని" అని ఒక్క ముక్క ఉంటే పనికిరాదు. బోరు ఎంత ఓవర్‌సైజుకి పోయింది, క్రాంకు ఎన్ని థౌ (అంగుళంలో వెయ్యోవంతు) అండర్‌సైజు, బేరింగులు అదే సైజువేనా, హెడ్ ప్లేనింగ్ చేశారా, వాల్వు సీట్లు మార్చారా, టైమింగ్ గేర్లు విప్పారా, ఆయిల్ పంపు విప్పారా? చివరి రెండు ప్రశ్నలకి జవాబు తప్పకుండా రాబట్టండి. ఎందుకో డెల్కో (డిస్ట్రిబ్యూటర్) దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు: కంప్రెషన్ గేజి, ఫీలర్ గేజి, మల్టీమీటరు, 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు, టార్క్ రెంచి, వీలైతే వాక్యూమ్ గేజి. వీటన్నిటికీ పెట్టే డబ్బు ఒకసారి అనవసరంగా హెడ్ దించే ఖర్చుకంటే ఎక్కువ కాదు. ఇంజన్‌ని చేత్తో తిప్పే హ్యాండిల్ పారేయకుండా ఉంచారా? ఉంటే సగం పని సుఖం. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు మూసిన షెడ్డులో నిలబడొద్దు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు.

బ్యాటరీ, ఎర్త్

ఇది ఐదు నిమిషాల పని, అయినా చాలామంది దాటేస్తారు. కొత్తగా రంగు వేయించిన బండిలో ఛాసిస్‌కి, ఇంజన్‌కి మధ్య ఎర్త్ పట్టీ రంగు పొర మీద బిగించేసి ఉంటుంది. రంగులోంచి కరెంటు పోదు. అప్పుడు సెల్ఫు కరెంటు దొరికిన దారి పట్టుకుంటుంది, చోక్ కేబులూ యాక్సిలరేటర్ కేబులూ వేడెక్కుతాయి. సెల్ఫు బరువుగా తిరుగుతుంటే "కొత్త ఇంజన్ కదా, టైటుగా ఉంది" అనేస్తారు. నిజమే, టైటుగానే ఉంటుంది, కానీ ముందు కొలవండి.

మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ ఎర్త్ స్తంభానికి, రెండోది ఇంజన్ బ్లాకు మీద గీకిన చోట పెట్టి సెల్ఫు కొట్టించండి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించండి. సెల్ఫు తిరుగుతుండగా బ్యాటరీ స్తంభాల మధ్య 9.6 వోల్టులకంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీనో సెల్ఫునో అనుమానించాలి. సెల్ఫు చురుగ్గా తిరగకపోతే తర్వాతి పరీక్షలో వచ్చే అంకెలన్నీ అబద్ధాలే చెబుతాయి.

కంప్రెషన్

ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసేయండి. కాయిల్ వైరు విప్పేయండి, పెట్రోలు ఆవిరి ఉన్న చోట నిప్పురవ్వ వద్దు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి ఉంచాలి, లేకపోతే గాలి అందక అంకె తక్కువ చూపిస్తుంది. ఒక్కో సిలిండరుకీ ఐదారు కొట్లు కొట్టించి రాసుకోండి.

హరికేన్‌లో 120 నుంచి 130 పీఎస్ఐ దాకా రావాలి, నాలుగింటి మధ్య తేడా 10 దాటకూడదు. కొత్త రింగులు ఇంకా కూర్చోలేదు కాబట్టి మొత్తంగా కొంచెం తక్కువ రావచ్చు, దానికి బెంగ అక్కర్లేదు. నాలుగూ 105 దగ్గర సమానంగా ఉన్న కొత్త ఇంజన్ నాకు నచ్చుతుంది. మూడు 125 ఉండి ఒకటి 80 ఉంటే నచ్చదు.

తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా లేస్తే రింగుల వైపు, కదలకపోతే వాల్వుల వైపు చూపు తిప్పాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పేలిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. నాలుగూ సమానంగా మరీ తక్కువుంటే రింగుల మీదికి వెళ్లకముందు టైమింగ్ గేర్ల గుర్తులు కలిశాయా అని అడగండి. క్రాంకు గేరు, క్యామ్ గేరు గుర్తులు ఒక్క పన్ను తప్పినా వాల్వులు వేళకి మూసుకోవు, ఇంజన్ నడుస్తుంది గానీ లోడు లాగదు.

ఇంకా తేల్చుకోవాలంటే పంక్చర్ షాపు గాలి పైపు చాలు. పాత ప్లగ్గు గుల్లకి పైపు నాజిల్ అతికించుకుని, ఆ సిలిండరు పిస్టన్ కంప్రెషన్ చివర పైన ఉండగా గాలి వదలండి. బండి గేరులో వేసి హ్యాండ్ బ్రేకు లాగండి, హ్యాండిల్ మాత్రం తీసేయండి, గాలి తోపుకి ఇంజన్ తిరిగితే చెయ్యి విరుగుతుంది. చప్పుడు కార్బొరేటర్‌లోంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్టు వాల్వు, ఆయిల్ పోసే గొట్టంలోంచి వస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్ లేదా పగులు. ఈ ఒక్క పరీక్షతో ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసిపోతుంది: వాల్వు పనివాడి దగ్గరికా, బోరింగ్ షాపుకా.

ట్యాపెట్లు

వాల్వుకీ దాన్ని నెట్టే భాగానికీ మధ్య ఉంచాల్సిన ఎడం చల్లని ఇంజన్ మీద ఇన్‌లెట్‌కి 18 థౌ, అంటే 0.018 అంగుళం. ఎగ్జాస్టుకి 16 థౌ. ఇన్‌లెట్‌వి పైమూత తీస్తే అందుతాయి. ఎగ్జాస్టువి పక్కనున్న చిన్న పలక వెనక, వేలు దూరని చోట ఉంటాయి. అందుకే పైన నాలుగూ సరిచేసి కింది నాలుగూ వదిలేసిన బండ్లు ఎక్కువ. ఎగ్జాస్టు ట్యాపెట్ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా కూర్చోదు, ఇంజన్ వేడెక్కాక మిస్సింగ్ మొదలవుతుంది, కొన్నాళ్లకి వాల్వు అంచు కాలిపోతుంది. చప్పుడు రావట్లేదు కదా అని సంతోషించకండి. ట్యాపెట్ కాస్త టకటకమంటేనే మంచిది, అసలు వినపడకపోతే భయపడాలి.

డెల్కో, ప్లగ్గులు, టైమింగ్

మన మెకానిక్‌లు డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అంటారు, నేనూ అదే అంటాను. బోరు చేయించిన హరికేన్‌లో తలనొప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

ఒకటో సిలిండరు రేడియేటర్ వైపుది. పేలే వరస 1-3-4-2. డెల్కో మూత తీసి సెల్ఫు కొట్టించి రోటర్ ఎటు తిరుగుతుందో కళ్లతో చూడండి, ఆ దిక్కులోనే వైర్లు 1-3-4-2గా ఉండాలి. రెండు వైర్లు తారుమారైతే ఇంజన్ కుంటుతుంది, కార్బొరేటర్‌లోకి దగ్గుతుంది, సైలెన్సర్‌లో పేలుతుంది.

ఇప్పుడు ఒకటో సిలిండరు కంప్రెషన్ చివరికి రావాలి. ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు పెట్టి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పించండి. గాలి వేలిని తోసేస్తుంటే అది కంప్రెషన్. అలాగే తిప్పుతూ పుల్లీ మీది గాటు, ముందుమూత మీద 5 డిగ్రీల గీత కలిసేచోట ఆపండి. పైన వాల్వులు చూసి పట్టుకునే అలవాటు ఈ ఇంజన్ మీద పనిచేయదు, ఎగ్జాస్టు వాల్వు పైనుంచి కనిపించదు కదా. ఈ స్థితిలో రోటర్ ఒకటో ప్లగ్గు వైరు వైపే చూడాలి.

చూడకపోతే? డెల్కోను నేరుగా క్యామ్ తిప్పదు. బ్లాకుకి అటువైపునున్న ఆయిల్ పంపు షాఫ్టు చివర ఒక గాడి ఉంటుంది, డెల్కో నాలుక ఆ గాడిలో కూర్చుని తిరుగుతుంది. గాడి మధ్యలో కాకుండా ఓ పక్కకి కోసి ఉంటుంది, కాబట్టి డెల్కో ఒకే రకంగా దిగుతుంది. డెల్కోని తలకిందులుగా పెట్టడం కుదరదు గానీ ఆయిల్ పంపుని మాత్రం తప్పు పన్ను మీద పెట్టేయొచ్చు. అలా పెడితే డెల్కోని ఎంత తిప్పినా టైమింగ్ రాదు, దాని గుల్ల వెళ్లి బ్లాకుకో పైపుకో తగులుకుంటుంది. "దీని టైమింగ్ ఇంతకంటే రాదండీ" అని ఎవరైనా అంటే పంపు పన్ను తప్పిందేమో చూడమని అడగండి. పంపు విప్పి సరైన పన్ను మీద కూర్చోబెట్టాలి. పెట్టేముందు పంపు నిండా ఆయిల్ నింపాలి, లేకపోతే ఖాళీగా తిరిగి ఆయిల్ లాగదు, కొత్త బేరింగులు మొదటి నిమిషంలోనే పోతాయి.

డెల్కో లోపల కాయిల్ కరెంటుని తెంచే పాయింట్ల ఎడం 20 థౌ, ప్లగ్గుల ఎడం 30 థౌ. టైమింగ్ లైటు లేకపోయినా బల్బు చాలు: ఒక వైరు కాయిల్‌లో డెల్కో వైపు టెర్మినల్‌కి, రెండోది ఎర్త్‌కి. స్విచ్ ఆన్ చేసి, పాయింట్లు సరిగ్గా 5 డిగ్రీల గీత దగ్గర విడిపోయేలా డెల్కో తిప్పండి. విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. పాయింట్ల ఎడం మార్చిన ప్రతిసారీ టైమింగ్ జరుగుతుంది, కాబట్టి ముందు పాయింట్లు, తర్వాత టైమింగ్.

కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల మధ్య మీటరు పెడితే సుమారు 3 ఓములు చూపించాలి. 1.5 దగ్గర చూపిస్తే అది బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడాల్సిన కాయిల్. రెసిస్టర్ లేకుండా తగిలించి ఉంటే కాయిల్ కాగిపోతుంది, పాయింట్లు వారంలో నల్లబడతాయి. పాయింట్ల మీద గుంత, ఎదురుగా గుట్ట లేస్తుంటే కండెన్సర్ మార్చండి. చౌకరకం కండెన్సర్లు చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా పనిచేసి వేడిలో చచ్చిపోతాయి, పాతది బాగుంటే పారేయకుండా డ్యాష్‌బోర్డు పెట్టెలో దాచుకోండి.

పెట్రోలు

ప్లగ్గుల్లో మంట (స్పార్కు) సరిగా ఉందని తేలాకే కార్బొరేటర్ ముట్టుకోండి. కార్బొరేటర్ జబ్బులుగా పేరుపడ్డవాటిలో ఎక్కువ భాగం నిజానికి డెల్కో జబ్బులు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండ్లు తయారైన రోజుల్లో అది లేదు. ఇథనాల్‌తో మూడు చిక్కులు. పాత రకం రబ్బరు పైపుల్నీ ఏసీ పంపు (ఇంజనే తిప్పే పెట్రోలు పంపు) డయాఫ్రంనీ మెత్తబరిచి ఉబ్బిస్తుంది. తేమను పీల్చుకుంటుంది, బండి నెలల తరబడి నిలబడితే నీళ్లు అడుగున చేరి ట్యాంకు తుప్పు పట్టిస్తుంది. పైగా ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మామూలు పెట్రోలుకి 14.7 వంతుల గాలి సరిపోయే చోట దీనికి సుమారు 13.5 చాలు. అంటే పాత జెట్లతో మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గులు తెల్లగా కాలుతుంటే, మధ్య వేగంలో ఉలికిపడుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడండి. లేత గోధుమరంగు వస్తే సరిపోయినట్టు. పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించండి, ఇందులో పిసినారితనం వద్దు, ఇంజన్ గది మంటలు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ఏసీ పంపు ఒత్తిడి మూడు పీఎస్ఐ అటూఇటూ ఉంటే చాలు. పంపు పాడైందని పెట్టిన ఎలక్ట్రిక్ పంపు అంతకంటే గట్టిగా తోస్తే కార్బొరేటర్‌లోని నీడిల్ వాల్వు ఆపలేదు, పెట్రోలు పొంగి ఇంజన్ నల్లపొగ కక్కుతుంది. అప్పుడు ఫ్లోట్ వంచి లాభం లేదు, ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టాలి.

హరికేన్‌లో ఇన్‌లెట్ మానిఫోల్డు విడిగా ఉండదు, హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది. కాబట్టి దొంగగాలి లోపలికొచ్చే చోట్లు కొన్నే: కార్బొరేటర్ కింది గ్యాస్కెట్, త్రాటిల్ షాఫ్టు అరుగుదల, బ్రీదర్ వాల్వు పైపు. స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నడుస్తుండగా బ్రీదర్ పైపు నొక్కి పట్టండి. ఇంజన్ ఒక్కసారిగా కుదురుకుంటే ఆ వాల్వు తెరుచుకునే ఉండిపోయింది.

మధ్యాహ్నపు జబ్బు సంగతి. మే నెలలో బెజవాడ 45 డిగ్రీలు చూస్తుంది. ఈ ఇంజన్‌లో పెట్రోలు పంపూ సైలెన్సర్ మానిఫోల్డూ ఒకే వైపు ఉండటంతో పెట్రోలు పైపులోనే ఆవిరైపోవచ్చు. కాయిల్, కండెన్సర్ కూడా అదే వేడికి ఆగిపోతాయి. రెండిటినీ విడదీయాలంటే ఆగిన చోటనే, చల్లారకముందే చూడాలి. గాలి వడపోత తీసి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ కదపండి. పెట్రోలు చిమ్మకపోతే ఆవిరి పట్టినట్టు. చిమ్ముతుంటే ప్లగ్గు వైరుకి పాత ప్లగ్గు తగిలించి, పొంగిన పెట్రోలుకి దూరంగా ఇంజన్‌కి ఆనించి సెల్ఫు కొట్టండి. మంట లేకపోతే కాయిల్ లేదా కండెన్సర్. పెట్రోలు ఆవిరి అయితే పైపుని మానిఫోల్డుకి దూరంగా మళ్లించి మధ్యలో రేకు అడ్డం పెట్టించండి. పంపు మీద తడిగుడ్డ వేయడం ఇల్లు చేరడానికి మాత్రమే.

వాక్యూమ్ గేజి

ఇన్‌లెట్ దారిలో ఇంజన్ గాలిని ఎంత బలంగా లాగుతోందో చెప్పే గేజి ఇది. దీన్ని వాడేవాళ్లు తగ్గిపోయారు, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన గేజి ఇదే. బెజవాడ, గుంటూరు సముద్రమట్టానికి పెద్దగా ఎత్తులో లేవు కాబట్టి ఎత్తు కోసం లెక్క సర్దాల్సిన పనిలేదు. స్లోలో ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య కదలకుండా నిలబడాలి. కదలకుండా 14, 15 దగ్గరుంటే టైమింగ్ వెనకబడింది లేదా దొంగగాలి. ఒకే లయలో టక్కున పడి లేస్తుంటే ఒక వాల్వు కూర్చోవట్లేదు. బాగా వెడల్పుగా ఊగుతుంటే హెడ్ గ్యాస్కెట్. యాక్సిలరేటర్ ఎత్తి పట్టాక మెల్లమెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్ మూసుకుపోయింది. బండి ఏళ్లతరబడి షెడ్డులో పడున్నప్పుడు ఎలుకలు సైలెన్సర్‌లో పెట్టిన గూళ్లు ఇలా బయటపడతాయి.

హీటు ఎక్కడ ఎక్కుతోంది?

ఎంత ఎక్కుతోందో కన్నా ఎక్కడ ఎక్కుతోందో ముఖ్యం. బెంజి సర్కిల్ దగ్గర, బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు హీటెక్కి, హైవే మీద పడగానే దిగితే గాలి చాలట్లేదు: ఫ్యాన్ బెల్టు వదులు, ఫ్యాన్ తిరగేసి బిగించడం, రేడియేటర్ చుట్టూ రేకు తొడుగు లేకపోవడం. రంగు పనికి విప్పిన తొడుగు తిరిగి బిగించకపోవడం మామూలే. దీనికి ఎదురుగా, ఊళ్లో బాగుండి గుంటూరు హైవే మీద 60 దాటాక ముల్లు లేస్తే నీటి దారి ఇరుకైంది, లేదా టైమింగ్ వెనకబడింది, లేదా మిశ్రమం పలచగా ఉంది. టైమింగ్, మిశ్రమం ఇప్పటికే చూశాం కాబట్టి రేడియేటర్ మిగిలింది.

బోరింగ్ షాపులో బ్లాకు కడిగినా మూలల్లో తుప్పు మడ్డి మిగులుతుంది, ఇంజన్ తిరిగాక అది రేడియేటర్ గొట్టాల్లోకి చేరుతుంది. పని ముందే గొట్టాల్లో రాడ్డు కొట్టించి శుభ్రం చేయించిన రేడియేటర్ అయినా సరే, వంద రెండొందల కిలోమీటర్ల తర్వాత నీళ్లు దించి రంగు చూడండి. ఎర్రగా ఉంటే మళ్లీ కడిగించాలి. బోరుబావి నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది, కూలెంటుని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి.

థర్మోస్టాట్ పీకి పారేయడం మన దగ్గర ఒక ఆచారమైపోయింది. అది లేని ఇంజన్ వేడెక్కడానికి ఆలస్యం చేస్తుంది, చల్లటి ఇంజన్‌లో పెట్రోలు గోడల మీద ఆయిల్‌ని కడిగేస్తుంది, కొత్త రింగులు కుదురుకోవు. 82 డిగ్రీలకి తెరుచుకునేది పెట్టండి. గిన్నెలో నీళ్లు మరగబెట్టి అందులో వేస్తే తెరుచుకుంటుందో లేదో ఇంట్లోనే తెలుస్తుంది. రేడియేటర్ మూత స్ప్రింగు కూడా చూడాలి: 7 పీఎస్ఐ మూత సరిగా పట్టి ఉంచితే నీళ్లు 110 డిగ్రీల దాకా మరగవు.

ఆయిల్ ప్రెషర్, పొగ, చప్పుళ్లు

డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మకుండా ఆయిల్ గ్యాలరీకి నేరుగా గేజి తగిలించండి. బాగా వేడెక్కాక స్లోలో 10 పీఎస్ఐకి తగ్గకూడదు, రోడ్డు వేగంలో 35 దగ్గర ఉండాలి. పొద్దున 50 చూపించి వేడెక్కాక 5కి పడిపోతే బేరింగుల ఎడం ఎక్కువైంది. క్రాంకు సైజు ఒకటి, బేరింగు సైజు ఇంకొకటి పడిందేమో ఆ కాగితం తీసి చూడండి. చిక్కటి ఆయిల్ పోసి ముల్లు లేపే చిట్కా ఉంది, దాంతో గేజికి నయమవుతుంది, ఇంజన్‌కి కాదు. ప్రెషర్ మొదటినుంచీ తక్కువుంటే ముందు రిలీఫ్ వాల్వు స్ప్రింగు చూడండి, అది బయటినుంచే విప్పొచ్చు.

నీలిపొగ కొన్ని వందల కిలోమీటర్ల దాకా ఓర్చుకోవచ్చు. తర్వాత కూడా లోడు మీద యాక్సిలరేటర్ తొక్కితే వస్తుంటే రింగులు. రాత్రంతా నిలబడ్డాక పొద్దున ఒక్కసారి వచ్చి పోతున్నా, యాక్సిలరేటర్ వదిలి గేరు మీద దిగాక మళ్లీ తొక్కినప్పుడు వస్తున్నా వాల్వు గైడులు. కొత్త ఇంజన్‌ని గంటలకొద్దీ స్లోలో నిలబెట్టి "రన్నింగ్ ఇన్" చేశామనుకునే అలవాటు వల్ల బోరు గోడ అద్దంలా నున్నబడి రింగులు పట్టవు. రింగులు కూర్చోవాలంటే కాస్త లోడు పడాలి. తెల్లపొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోయినా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నా గ్యాస్కెట్.

చప్పుడు ఎక్కడిదో తెలియాలంటే పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి వినండి. లోపల కొడుతున్న దెబ్బ ఏ సిలిండరుదో తెలియాలంటే ఒక్కో ప్లగ్గు వైరునీ రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో తీసి ఎర్త్ చేయండి. ఏ వైరు తీస్తే దెబ్బ తగ్గుతుందో ఆ సిలిండరు కనెక్టింగ్ రాడ్ బేరింగు. చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడెక్కాక తగ్గితే బోరులో పిస్టన్ వదులు. లోడు మీద లోతుగా ధమ్ ధమ్మంటే మెయిన్ బేరింగు, బండి అక్కడే ఆపి టో చేయించండి. "నడిపితే సెట్టయిపోద్ది" అనే మాట చప్పుళ్ల విషయంలో మాత్రం ఎప్పుడూ వినకండి.

డీజిల్ వేయించిన బండి అయితే

ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజన్ ఉన్న మహీంద్రా అయినా, టాటా 207 అయినా, కంప్రెషన్, ఎర్త్, హీటు సంగతులు పైన చెప్పిన వరసలోనే, అంకెలు మాత్రం వేరు. డీజిల్ కంప్రెషన్‌కి పెట్రోలు గేజి పెట్టకండి, పగిలిపోతుంది. కొత్తగా బిగించాక అందుకోకపోతే పదికి ఎనిమిదిసార్లు గాలి పట్టి ఉంటుంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతూ నురగ పోయేదాకా వదలండి. గాలి మళ్లీ మళ్లీ పడుతుంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న వాషర్లు చూడండి. ఒక సిలిండరు పేలకపోతే స్లోలో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేయండి, ఇంజన్ తీరు మారనిది ఏదో అదే దోషి. డీజిల్ చిమ్మే చోట చెయ్యి పెట్టొద్దు, ఆ ఒత్తిడికి చర్మంలోకి దిగుతుంది. నాజిళ్లు, పంపు ఇంట్లో విప్పే వస్తువులు కావు, టెస్టు బెంచి ఉన్న పంపు షాపుకే ఇవ్వండి.

రోడ్డు మీద, ఆ తర్వాత

అన్నీ సరిగా వచ్చాక మొదట ఖాళీ బండితో హైవే మీద గుంటూరు దాకా వెళ్లి రండి. ఒకే వేగంలో పోకుండా 30కీ 55కీ మధ్య వేగం మారుస్తూ నడపండి. రెండోసారి సగం లోడుతో కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కించండి. టైమింగ్ మరీ ముందుంటే ఎక్కుడులో పెళపెళలాడుతుంది, వెనకుంటే బరువెక్కి హీటవుతుంది. మిర్చి టిక్కీలు నిండా ఎత్తే పని మొదటి వెయ్యి కిలోమీటర్ల తర్వాత పెట్టుకోండి.

500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చేయాలి. పాత ఆయిల్‌ని తెల్లటి పళ్లెంలోకి దించి ఎండలో చూడండి. సన్నటి బూడిద మెరుపు మామూలే, రేకుల్లా రాగిరంగు తునకలు కనిపిస్తే బేరింగు. అప్పుడే ఇంజన్ చల్లార్చి హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి వరసగా 60 నుంచి 70 పౌండ్-అడుగుల టార్కుతో మళ్లీ బిగించండి. ఒక బోల్టు కార్బొరేటర్ కింద, ఇన్‌లెట్ దారిలో దాక్కుని ఉంటుంది, కార్బొరేటర్ దించితే గానీ కనపడదు. దాన్ని వదిలేసి మిగతావన్నీ బిగిస్తే గ్యాస్కెట్ సరిగ్గా అక్కడే పేలుతుంది. హెడ్ బిగించాక పైనున్న ఇన్‌లెట్ ట్యాపెట్ల ఎడం తగ్గుతుంది, అవి సరిచేస్తూ పనిలో పనిగా ఎనిమిదీ మళ్లీ కొలవాలి, పక్క పలక వెనకున్న ఆ నాలుగుతో సహా.